జడలు కట్టిన కురులు

తెలుగు మాటలలో ‘జడ’ అనునది వింత మాట. ఆడపిల్ల తలకు నూనె రాచి, చిక్కు తీసి, పాపిట దిద్ది, మూడు పాయలుగా అల్లినది జడ. దువ్వెన తగులక, వెంట్రుక వెంట్రుకతో పెనగి త్రాటివలె బిగిసినదియు జడయే. మొదటిదానికి పూలు తురుముదుము. రెండవదానిని చూచి ‘జడలు కట్టినది’ అని ముఖము చిట్లింతుము. అయినను ఆ రెండవ జడనే శివుని శిరముపై చూచినపుడు చేతులు జోడింతుము. జడదారి యని పేరు పెట్టి కొలుతుము. సంస్కృతములోని ‘జట’యే తెలుగున ‘జడ’ యైనది. మాట ఒక్కటే, చూచువారి మనస్సులు మాత్రము వేరు.

ఈ భేదభావము మన దేశమునకే చెందినది కాదు. భూగోళమునకు అవ్వలి దెసను, కరిబియన్ సముద్రములోని జమైకా ద్వీపములో, ఇట్టి జడల కారణముగా మనుష్యులు దెబ్బలు తినిరి, చెరసాలలకు పోయిరి, ఉద్యోగములకు దూరమైరి. ఆ ద్వీపమునుండి బయలుదేరి నేడు లోకమంతట కనబడుచున్న ఈ కేశబంధమునకు ‘డ్రెడ్‌లాక్స్’ అని పేరు. అందులో మొదటి మాటకు భయమనియు, రెండవ మాటకు కురుల పాయ యనియు అర్థము. భయపెట్టు కురులన్నమాట. వానిని పెంచినవారు వానిని వ్రతమనిరి. ఓర్వనివారు చింపిరి యనిరి. ఎవరి మాట నిజమో తేల్చుటకు ఒక మార్గము కలదు. ఈ జడలు క్రొత్తగా కట్టుచున్న దినములలో వానికి జరుగు పోషణ యెట్టిదో చూడవలెను. చరిత్రతోపాటు ఆ ముచ్చట కూడ నేడు చెప్పదలచితిని.

ముందుగా జుట్టు సంగతి. ఆఫ్రికా సంతతివారి వెంట్రుకను అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో గుండ్రముగా నుండదు. అణచిన కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. అది మొలచు కుదురే చర్మములో వంగియుండును. కావుననే వెంట్రుక పైకి వచ్చునపుడు తీగవలె చుట్టలు చుట్టుకొనుచు వచ్చును. తలలో ఊరు జిడ్డు నిటారైన వెంట్రుక వెంట సులువుగా కొనవరకు జారును. చుట్టల వెంట జారలేదు. అందుచే కొనలు పొడిబారి, దువ్వెన తగిలిన చోట తెగును. చుట్ట చుట్టలో చిక్కుకొనును. ప్రతి మనుష్యుని తలనుండి దినమునకు 50 మొదలు 100 వరకు వెంట్రుకలు రాలుట సహజము. దువ్వని తలలో అవి నేల రాలక అక్కడనే చిక్కి, పెరుగుచున్న వెంట్రుకలతో కలిసి పేనుకొనిపోవును. జడ యనగా ఇదియే: రాలినదియు, పెరుగునదియు కలిసి తమకు తామే నేసికొన్న త్రాడు.

పశ్చిమాఫ్రికాలో ఇట్టి జుట్టును అల్లుట ఒక గొప్ప విద్య. అల్లిక తీరునుబట్టి మనిషి కులగోత్రములు, వయస్సు, పెండ్లి యైనదో లేదో చెప్పగలిగిన జాతులుండెను. బానిస వర్తకులు ఆ విద్యకు మొదటి దెబ్బ కొట్టిరి. ఓడ యెక్కించు వేళ అనేకులకు తలలు గొరిగించిరి. తోటలలో పనికి దిగినవారికి వారి దువ్వెనలు లేవు, వారి నూనెలు లేవు, తల చూచుకొనుటకు తీరిక అసలే లేదు. అమెరికా తోటలలో ఆదివారము మాత్రమే కొంత విరామము చిక్కెడిది. ఆనాడు గొఱ్ఱెల ఉన్ని ఏకు పండ్లచట్టములతో తలలు దువ్వుకొనిరని నాటి బానిసలు తమ జ్ఞాపకములలో చెప్పియున్నారు. స్పెయిను ప్రభుత్వము క్రింద నున్న లూసియానాలో 1786లో గవర్నరు మీరో, స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు తమ తలకట్టు కనబడకుండ గుడ్డ చుట్టుకొనవలెనని శాసించెను. వారు రంగురంగుల గుడ్డలను ఎంతో సొగసుగా చుట్టి, ఆ శాసనమునే అలంకారముగా మార్చుకొనిరి. ఆడువారితో అలంకార విషయమున పంతమునకు దిగి గెలిచిన ప్రభుత్వమును నేనింతవరకు వినలేదు.

బానిసత్వము పోయిన పిమ్మట వచ్చిన బాధ వేరు. చుట్టల జుట్టు అనాగరికమనియు, నిటారు జుట్టే మర్యాద యనియు భావము పాతుకొనెను. కాల్చిన ఇనుప దువ్వెనలతోడను, ఘాటైన క్షారపు లేపనములతోడను జుట్టును సాగదీయుట ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున పెద్ద వ్యాపారమయ్యెను. మందులు తగులని, మొలచినది మొలచినట్లున్న జుట్టును నేడు ‘సహజకేశము’ అని ప్రత్యేకముగా పిలువవలసి వచ్చినదన్న, ఆ వ్యాపారమెంత దూరము పోయెనో ఊహింపవచ్చును. జడల కథ ఈ నేపథ్యములో పుట్టినది.

ఇక జమైకా. 1655 నుండి 1962 ఆగస్టు 6వ తేదీ వరకు అది ఆంగ్లేయుల పాలనలో నుండెను. 1838లో బానిసలకు పూర్తి విముక్తి కలిగిన పిదప చెరకుతోటలకు కూలీలు కావలసి వచ్చిరి. అప్పుడు వారి చూపు మన దేశముపై పడినది. 1845 మే 10వ తేదీన ‘బ్లండెల్’ అను ఓడ మొదటి భారతీయ కూలీలను జమైకాలో దింపెను. 1917 వరకు సాగిన ఈ ఎగుమతిలో సుమారు 36 వేల మంది భారతీయులు ఆ ద్వీపము చేరిరి. ఎక్కువమంది కలకత్తా రేవునుండి పోయినవారు. తొలి సంవత్సరములలో కొందరు మదరాసు రేవునుండియు పోయిరి. వారితోకూడ మన మాటలు కొన్ని పోయినవి. జమైకాలో గంజాయికి నేటికిని ‘గంజా’ యనియే పేరు. ఆ మొక్కయు, దానిని పీల్చు చిలుమును అక్కడివారికి మనవారు నేర్పినవే. ఇది చెప్పుకొని మురియదగినది కాకపోయినను చరిత్ర చరిత్రయే.

1930 నవంబరు 2వ తేదీన ఆఫ్రికాలోని ఇథియోపియా దేశమునకు హైలీ సెలాసీ చక్రవర్తిగా పట్టాభిషిక్తుడయ్యెను. అంతకుముందు ఆయన పేరు రాస్ తఫారి. లోకమున నల్లజాతివారందరు పరుల పాలనలో మ్రగ్గుచున్న దినములలో ఒక నల్లని రాజు కిరీటము ధరించుట జమైకా బీదలకు దైవసంకల్పముగా తోచెను. ఆయనను దేవుని అవతారమని కొలిచినవారు ‘రాస్తఫారి’ మతస్థులైరి. వారిలో ఆద్యుడైన లెనార్డ్ హోవెల్ 1935లో ప్రకటించిన పుస్తకముపై తన పేరు పెట్టుకొనక ‘జి. జి. మరాగ్’ అని పెట్టుకొనెను. మరాగ్ అనునది మన ‘మహరాజ్’ మాటయే. హోవెల్ 1940లో స్లైగోవిల్ కొండలలో ‘పినకిల్’ అను పేర ఒక ఆశ్రమమువంటి పల్లెను నెలకొల్పెను. పోలీసులు దానిపై పలుమార్లు దాడి చేసి, 1954లో దానిని నేలమట్టము చేసిరి. చిత్రమేమనగా హోవెల్ తలపై జడలు లేవు. హైలీ సెలాసీ తలపైనను లేవు.

మరి జడలు ఎచ్చటినుండి వచ్చినవి? ఈ ప్రశ్నపై పండితులు మూడు త్రోవల నడిచిరి. బైబిలులోని సంఖ్యాకాండము ఆరవ అధ్యాయమున ‘నాజీరు’ వ్రతము చెప్పబడినది. ఆ వ్రతము పట్టినవాని తలపై మంగలికత్తి పడరాదు. రాస్తాలు స్వయముగా చూపు ప్రమాణమిది. కొందరు చరిత్రకారులు కెన్యా దేశమును చూపుదురు. 1952 తరువాత అక్కడ ఆంగ్లేయులపై తిరుగబడిన ‘మౌ మౌ’ యోధులకు అడవులలో జడలు కట్టెను. వారి ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చెను. భారతీయ సంతతి జమైకాలో ఎట్లు స్థిరపడెనో పరిశోధించిన అజయ్ మాన్‌సింగ్, లక్ష్మీ మాన్‌సింగ్ దంపతులు, ఈ జడలకు మూలము మన సాధువుల జటలే యని వాదించిరి.

మనదని వినగానే మనకు సంతోషము కలుగుట సహజమే గాని, నాకు ఆ వాదము పూర్తిగా మ్రింగుడు పడలేదు. గంజాయి మాటకు, మరాగ్ పేరుకు ఉన్నంత గట్టి ఆధారము జటలకు కనబడదు. జమైకా పండితుడు బారీ షెవాన్స్ వృద్ధ రాస్తాలను కలిసికొని సేకరించిన కథనము నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోచుచున్నది. 1949 ప్రాంతమున కింగ్‌స్టన్ నగరపు మురికివాడలలో కొందరు యువకులు ఒక సంఘముగా ఏర్పడిరి. ఆనాటి జమైకాలో దువ్వని తల పిచ్చివానికి, వీధులపాలైనవానికి గుర్తు. సంఘము తమను ఎటులను వెలివేసినది గనుక, ఆ వెలి గుర్తునే తలపై మోయుదమని వారు నిశ్చయించుకొనిరట. పెద్దవారు కొందరు ఒప్పుకొనలేదు. ఆ కారణముగా మతము రెండిండ్లయ్యెను: దువ్వువారి యిల్లొకటి, జడలవారి యిల్లొకటి. చివరకు జడలవారిదే పైచేయి యయ్యెను.

1960లో అక్కడి విశ్వవిద్యాలయ కళాశాల పక్షమున ఎం. జి. స్మిత్, రాయ్ ఓజియర్, రెక్స్ నెటిల్‌ఫర్డ్ అను మువ్వురు పండితులు రాస్తాలనుగూర్చి ఒక నివేదిక వ్రాసిరి. జడలవారు, గడ్డములవారు, రెండును లేనివారు అని వారిలో మూడు తెగలున్నట్లు అందులో గుర్తించిరి. వారు పరమశాంతులనియు, బీదరికము వారిని పీడించుచున్నదనియు చదువరులు గ్రహింపవలెనన్నదే ఆ నివేదిక ఉద్దేశము. కాని మూడేండ్లు తిరుగకుండగనే ఘోరము జరిగెను. 1963 ఏప్రిల్ 11వ తేదీన మాంటిగో బే సమీపముననున్న కోరల్ గార్డెన్స్ కడ, భూవివాదములో నలిగిన కొందరు ఒక పెట్రోలు బంకుపై బడి నిప్పు పెట్టిరి. ఆ కలహములో ఎనమండుగురు మరణించిరి. అందు ఇరువురు పోలీసులు. దోషులు కొందరే. అయినను ప్రధాని బస్టమాంటే ప్రభుత్వము ఊరూరను రాస్తాలను పట్టించెను. మరునాడు గుడ్ ఫ్రైడే. కలహముతో సంబంధము లేనివారు, ఆ వార్తయే విననివారు తన్నులు తినిరి, బంధింపబడిరి. పట్టుబడినవారి జడలను బలవంతముగా కోసివేసిరి. ఏండ్ల తరబడి కత్తెర తగులరాదని వ్రతము పూనిన వానికి అది దెబ్బలకంటె పెద్ద శిక్ష. ఆ శుక్రవారమును వారు ‘చెడ్డ శుక్రవార’మని నేటికిని తలచుకొందురు. 2017 ఏప్రిల్ 4వ తేదీన ప్రధాని ఆండ్రూ హోల్‌నెస్ పార్లమెంటులో ప్రభుత్వము తరపున క్షమాపణ చెప్పెను. యాబదినాలుగేండ్లు పట్టినది.

ఆ దినములలో జమైకాలో జడలు మొదలుపెట్టుట కష్టముగాని, పద్ధతి మాత్రము సులభము. దువ్వెన పారవేయుట, తల శుభ్రముగా కడుగుట, ఎండ గాలులకు ఆరనిచ్చుట. అంగడిలో అమ్ము రసాయనములు వారి మతమునకు సరిపడవు; కలబంద గుజ్జు, ఆకుల పసరులు చాలును. పాయలు తమ యిచ్చవచ్చినట్లు లావుగను సన్నముగను కట్టును. బయటికి పోవునపుడు అల్లిక టోపీలో దాచుకొందురు. వారిలో బోబో శాంతి యను తెగవారు తలపాగ చుట్టుదురు. 1970 తరువాత బాబ్ మార్లే మొదలగువారి రెగే సంగీతము ఖండాంతరములకు ప్రాకినపుడు, పాటతో కూడ జడలును ప్రయాణము చేసినవి. మతముతో సంబంధము లేనివారును, ముఖ్యముగా మందులతో జుట్టు సాగదీసి విసిగిన అమెరికా నల్లజాతి స్త్రీలును, వానిని కోరిరి. ఉద్యోగమునకు పోవలసినవారు గనుక సమముగా, తీరుగా కావలెనన్నారు. అప్పుడు ఈ విద్యకు చేతిపనివారు పుట్టిరి. ఇకపై చెప్పునది వారు తీర్చిదిద్దిన పద్ధతి.

మొదటి పని పాపిటలు తీయుట. తలనంతటిని చిన్న చిన్న గళ్ళుగా విభజింతురు. ఒక్కొక్క గడి అర అంగుళము మొదలు అంగుళము వరకు నుండును; ఒక్కొక్క గడి నుండి ఒక్కొక్క జడ. గళ్ళను తిన్నని వరుసలలో తీయక, గోడలో ఇటుకలు పేర్చినట్లు ఒక వరుస సందునకు రెండవ వరుస గడి వచ్చునట్లు తీయుదురు. అట్లయిన తల చర్మము చారలుగా బయటపడదు. ఈ పాపిట గీతలు పొలము గట్లవంటివి. ఒకసారి వేసినవి ఏండ్ల తరబడి నిలుచును. గడి మరీ చిన్నదైన, రేపు జడ బరువెక్కినపుడు కుదుళ్ళు ఆ బరువును మోయలేవు.

తరువాత పాయను చుట్టుట. జుట్టు రెండంగుళములే యున్నచో సన్నని పండ్ల దువ్వెనను కుదురు కడ దూర్చి, ఒకే దిక్కుగా త్రిప్పుచు కొనవరకు తెత్తురు. పాయ స్ప్రింగువలె చుట్టుకొనును. కొంచెము పొడవున్నచో రెండు పాయలు తీసి, నులక పేనినట్లు పురి పెట్టుదురు. ఈ రెండవ పద్ధతి నీళ్ళు తగిలినను త్వరగా వీడదు. పాయను రెండరచేతుల నడుమ నుంచి నలుపుట మరియొక పని. మన యిండ్లలో దీపపు వత్తులు చేయు ముసలమ్మలకు ఆ పని ఎవరును నేర్పనక్కరలేదు. పట్టు కొరకు కలబంద గుజ్జును గాని, అవిసె గింజలు ఉడికించిన జిగురును గాని పలుచగా పూయుదురు. మొదట్లో చాలమంది తేనెమైనము పూసెడివారు. అది అప్పటికి చక్కగా బిగియునుగాని నీటికి కరగదు; జడలోపల చేరి, దుమ్మును పట్టి, ఏండ్లకును వదలదు. అనుభవము మీద మానివేసిరి.

ఇంతవరకు అయినది జడ కాదు, జడకు అచ్చు మాత్రమే. అసలు జడ లోపల కట్టుకొనవలెను. దానికి కాలము పట్టును; ఆ కాలమే పరీక్ష. మొదటి రెండు మూడు వారములు తలకు నీళ్ళు పోయరు. తరువాత పోసినపుడు తలపై పలుచని వల బిగించి, నురుగును నీటిలో కలిపి పోసి, వ్రేళ్ళ కొసలతో చర్మమును మాత్రమే రుద్దుదురు. జడలు కట్టినవారు తల అంటుకొనరని లోకములో అపోహ కలదు. నిజము దానికి విరుద్ధము. జిడ్డు ఉన్న వెంట్రుక జారిపోవును. శుభ్రమైన వెంట్రుకయే వెంట్రుకను పట్టును. కడుగని తలకంటె కడిగిన తలయే త్వరగా జడ కట్టును. కడిగిన పిదప నురుగు నిలువకుండ జాలించి, పూర్తిగా ఆరబెట్టవలెను. తడి తలతో పండుకొన్న లోపల చెమ్మ నిలిచి ముక్కవాసన పట్టును. బూజు పట్టుటయు కలదు. మన నాయనమ్మలు తలంటిన పిదప సాంబ్రాణి పొగ పట్టుట ఊరకనే కాదుగదా!

రాత్రివేళ పట్టు గుడ్డను గాని, సాటిను గుడ్డను గాని చుట్టుకొందురు. నూలు దిండు జుట్టులోని తడిని పీల్చును; దాని నూగు జడలో చిక్కి తెల్లని చుక్కలుగా మిగులును. తలంటిన ప్రతిసారియు ప్రక్క ప్రక్క జడలను కుదురు కడ చేతితో విడదీయవలెను. లేకున్న గట్టు తెగిన మడులవలె రెండు జడలొకటియగును. జుట్టు నెలకు సుమారు అర అంగుళము పెరుగును. ఆ క్రొత్త పెరుగుదలను నాలుగారు వారములకొకసారి మరల చుట్టుదురు. సొగసు మీది ఆశతో వారము వారము చుట్టించుకొన్నవారికి కణతల కడ, నుదుటి అంచున జుట్టు పలుచబడును. లాగి లాగి కుదురు చచ్చినచో అచ్చట జుట్టు మరల మొలవదు. కొందరు చుట్టుటకు బదులు జడ కొనను కొక్కెముతో కుదురు సందున దూర్చి లాగుదురు. అది గట్టిగా నిలుచును. కాని ప్రతిసారియు ఒకే దిక్కున దూర్చిన అక్కడ చిల్లు పడి జడ తెగును.

మూడవ నెలనుండి ఆరవ నెలవరకు క్రొత్త జడలు చూచుటకు ముచ్చటగా నుండవు. నడుమ ఉబ్బి మొగ్గలవలె అగును, పైన నూగు లేచును, పొడవు పెరుగవలసినది పోయి కురుచబడును. లోపల అల్లిక మొదలైనదనుటకు అదియే గుర్తు. కాని అద్దములో చూచుకొన్నవారికి అట్లు తోచదు. చాలమంది ఈ దశలోనే విసిగి విప్పివేయుదురు. ఏడాది, ఏడాదిన్నర నిండునప్పటికి జడ గట్టిపడి, నొక్కిన త్రాడువలె తగులును. అంతవరకు అలంకారములు మితముగా నుండవలెను. ప్రక్క పాపిట తీసి ఒక వైపునకు వాల్చుట, ముందరి వరుసను వదులుగా మెలిపెట్టి సూదులతో వెనుకకు నిలుపుట, రంగు గుడ్డ కట్టుట: ఇవి చాలును. బిగించి ముడివేయుట, బరువైన పూసలు గుచ్చుట జడ ముదిరిన తరువాతి మాట. చుట్టు పని ఒక్కసారికి రెండు మూడు గంటలు పట్టును. ఒకరు క్రింద కూర్చుందురు, ఒకరు పైన కూర్చుండి తల ముందరికి తీసికొందురు. మన అరుగుల మీద జడ వేయించుకొను ఆడపిల్లలను చూచినవారికి ఆ దృశ్యము క్రొత్తది కాదు.

ఇంత పోషణ గల తలను చింపిరి యనుట ఎట్లు కుదురును? అయినను అనిరి; అధికార పత్రములలో కూడ వ్రాసిరి. అమెరికా సైన్యము తన నిబంధనలలో ఈ జడలను నిషేధించుచు, చింపిరి యనియు, ముద్దకట్టిన దనియు అర్థమిచ్చు మాటలు వాడెను. నల్లజాతి స్త్రీ సైనికులు అభ్యంతరము చెప్పగా 2014లో ఆ మాటలను తొలగించిరి. 2017లో స్త్రీలకు జడలనే అనుమతించిరి. 2010లో అలబామా రాష్ట్రములోని మొబైల్ నగరమున ఒక యువతికి ఉద్యోగము వచ్చెను. జడలు కోయించుకొననన్నందున ఆ ఉద్యోగము పోయెను. జుట్టు తీరు మార్చుకొనగలిగినది గనుక ఇది జాతివివక్ష కాదని 2016లో అక్కడి అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2019 జూలైలో కాలిఫోర్నియా రాష్ట్రము, జడలు, అల్లికలు మొదలగు కేశవిన్యాసముల మూలమున ఉద్యోగములలోను పాఠశాలలలోను వివక్ష చూపరాదని చట్టము చేసెను. ఆ దేశమున ఇట్టి చట్టములలో అదియే మొదటిది. దాని పేరులోని మొదటి అక్షరములను కలిపి చదివిన ‘కిరీటము’ అని అర్థము వచ్చును. అదే సంవత్సరము సెప్టెంబరులో కెన్యా ఉన్నత న్యాయస్థానము, జడలున్నవని వెడలగొట్టబడిన ఒక రాస్తా బాలికను పాఠశాలలో మరల చేర్చుకొనవలెనని తీర్పు చెప్పెను.

ఇవి జడలు ధరించువారి చిక్కులు. జడలు చుట్టువారి చిక్కు వేరు. అది వినుటకు కొంత వినోదముగా కూడ నుండును. 1990లలో కాలిఫోర్నియాలో తల దిద్దు వృత్తి చేయుటకు 1,600 గంటల శిక్షణ పొంది అనుమతి పత్రము తీసికొనవలసియుండెను. ఆ శిక్షణలో సాగదీయు మందులు, రంగులు, కత్తిరింపులు నేర్పెడివారు; అల్లుటను గూర్చి, జడ చుట్టుటను గూర్చి దాదాపు ఏమియు లేకుండెను. శాన్ డియాగోలో ఆచార్యురాలుగా నుండిన జోఆన్ కార్న్‌వెల్ 1993లో ‘సిస్టర్‌లాక్స్’ అను పేర నాలుగు వందల దాక సన్నని జడలు వేయు పద్ధతిని రూపొందించెను. తాను చేయని పనికి శిక్షణ పొంది, చేయు పనికి శిక్షణ లేకుండుట యేమని ఆమె వ్యాజ్యము వేసెను. 1999లో న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పు చెప్పెను. మందులు తాకని జుట్టును అల్లువారికి ఆ నిబంధన అర్థరహితమని తేలెను.

మన ప్రాంతపు మాట ఒకటి ఇక్కడ చెప్పక విడుచుట న్యాయము కాదు. మహారాష్ట్ర, కర్ణాటక జిల్లాలలో కొందరు స్త్రీలకు తల చూచుకొను తీరిక లేకయో, రోగముననో జుట్టు తనంత తాను ముద్దకట్టును. దానిని ఎల్లమ్మ తల్లి వెలసిన గుర్తుగా ఎంచి పసుపు కుంకుమలు పెట్టుదురు. కోసిన కీడు మూడునని భయపడుదురు. కడుగరు, ఆరబెట్టరు. అది శేరులకొద్ది బరువెక్కి మెడను వంచును. పేలు పడును, పుండ్లు పడును. ఆ జడ కారణముగనే బాలికలను దేవతకు విడిచిన సందర్భములును కలవు. జోగిని, దేవదాసి ఆచారములను నిషేధించుచు ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టము చేసినది. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ 1989లో స్థాపించిన మూఢనమ్మకముల నిర్మూలన సమితి కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, ఆ స్త్రీలకు నచ్చజెప్పి, వారు సరేయన్న పిదపనే కత్తెర పట్టుదురు. దాభోల్కర్ 2013 ఆగస్టు 20వ తేదీన పూనా నగరమున హత్యకు గురియయ్యెను. సమితి పని ఆగలేదు. జమైకాలో పోలీసులు పట్టిన కత్తెరయు, ఇక్కడ వీరు పట్టు కత్తెరయు చూచుటకు ఒక్కటే. ఒకచోట తల గలవారిని అడిగిరి, రెండవచోట అడుగలేదు.

కెన్యా అడవులలోని మౌ మౌ యోధులను ఇంతకుముందు ప్రస్తావించితిని. వారిలో ఫీల్డ్ మార్షల్ పదవి పొందిన ఏకైక మహిళ ముథోని వా కిరిమా. 1963 డిసెంబరులో కెన్యా స్వతంత్రమైన తరువాత ఆమె అడవి విడిచి వచ్చెను, కాని అడవిలో కట్టిన జడలను తీయలేదు. పోరాడినవారికి స్వాతంత్ర్య ఫలము ఇంకను అందలేదని ఆమె మనోవ్యథ. సుమారు డెబ్బది యేండ్లు ఆ జడలను మోసెను. 2022 ఏప్రిల్‌లో, తొంబదియేండ్లు దాటిన వయస్సున, ఇక చాలునని తానే నిశ్చయించుకొనెను. న్యేరి పట్టణమున నలుగురి యెదుట కూర్చుండి, దేశపు తొలి అధ్యక్షుడు జోమో కెన్యాట్టా భార్య మామా ఎన్గీనాచే ఆ జడలను తీయించుకొనెను. మరుసటి సంవత్సరము ఆమె మరణించెను.